గాలాలు లేని చేప

అమీర్‌పేట చర్చిలో శాంతిరాజు జ్ఞాపకార్థ కూడిక జరుగుతోంది. పాస్టరుగారు బంగారు రంగు పూసిన చెక్క చేపను ఎత్తి చూపించి, "శాంతిరాజన్న విశ్వాసానికి ఇదే గుర్తు. ఇకనుంచి మన వేదిక వెనక గోడకే ఉంటది" అని అక్కడ తగిలించారు.

డయానాకు ఒళ్లు మండిపోయింది. "నా చేప నీకే" అని మామయ్య శాంతిరాజు చివరిరోజుల్లో తనతో చెప్పాడు. పంజగుట్టలో ఆయన ఫ్లాటంతా వెతికినా అది దొరకలేదు.

కూడిక ముగిసి అందరూ భోజనాలకు లేవగానే ఆమె దాన్ని పీకి, గోటితో రంగు గీకింది. లోపల పాత ఎరుపు, దానిమీద పంటిగాట్లు, పొట్టకింద గాలాలు ఊడదీసిన చిల్లులు.

"చూడత్తా, ఇవి కొర్రమట్ట చేప పండ్ల గాట్లు! ఇది చేపలు పట్టే ఎర. మామయ్య ఆదివారం చర్చి ఎగ్గొట్టి చెరువుకు పోయెటోడు. చచ్చినంక ఆయన్ను భక్తుణ్ని చేస్తరా? గాలాలు పీకిందెవరు?"

"నేనే!" మామయ్య భార్య కృపామణి అంతకంటే గట్టిగా అరిచింది. "ఇదేందో నాకు తెల్వదా? ప్రతి ఆదివారం నా మొగుణ్ని చెరువుకు గుంజుకపోయింది ఇదే. అందరి మొగుళ్లు మగోళ్ల దిక్కు కూసుంటే, నేను తలకాయ వంచుకొని కూసున్న. ఇగ ఇది రావాలె చర్చికి, ప్రతి ఆదివారం!"

డయానా చేతిలోంచి చేపను లాక్కుంది. వేదిక వైపు పోలేదు. నేరుగా మగవాళ్లు కూర్చునే వైపు వెళ్లి, ఆ గోడకు తగిలించింది.