నలభై ఆరు గుర్రాల వెనక

“నీళ్లు పొయ్యే! చెయ్యి నిలపొద్దు!” అని జిలాన్ బాషా అరిచాడు.

షాజాదీ పోసింది. తెల్లారకముందే ఊటబావిలో చెంబుతో గీకి గీకి తోడి, బిందెకెత్తి, నెత్తిన మోసుకొచ్చిన నీళ్లు అవి. మూడేళ్లుగా వాన మొహం చూడని సోమందేపల్లెలో, తాగడానికి కాదు, పప్పు ఉడకడానికి కాదు, ఇనుపచక్రం చల్లార్చడానికి. చక్రం మీద పడ్డ నీళ్లు పడ్డట్టే ఆవిరై ఆమె మొహాన కొట్టాయి.

ఆ షెడ్డులో జరుగుతున్నది ఇంజను బలం కొలిచే పని. మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత జీపుకు వెనకాల ఒక చక్రం ఉంది. ఇంజను దాన్ని తిప్పుతుంది. చక్రం చుట్టూ మణికట్టంత లావు తాడు. తాడుకు ఒక కొసన బరువులు, రెండో కొసన స్ప్రింగు కాటా. తాడు చక్రాన్ని పట్టి ఆపాలని చూస్తుంది, ఇంజను ఆగనని మొండికేస్తుంది. ఎంత బరువుకు ఎంత వేగం నిలిచిందో చూసి లెక్క కడితే, ఎన్ని గుర్రాల బలమో తేలుతుంది. యుద్ధం రోజుల్లో బెంగళూరు మిలిటరీ షెడ్డులో నేర్చుకున్న విద్య అని బాషా పదిమందికీ చెప్పుకుంటాడు. నీళ్లు పోసేదెవరో, కాటా చూసి ముల్లు ఎక్కడుందో అరిచేదెవరో చెప్పడు. చెప్పడానికి అదేమైనా పనా? పెళ్లాం చేసేది పని ఎట్లా అవుతుంది?

షాజాదీకి కాటా కొత్త కాదు. ఆమె తల్లి మస్తానాబీ కొత్తచెరువు సంతలో చింతపండు అమ్మేది. ముల్లు ఎక్కడ వణుకుతుందో, ఎక్కడ నిలుస్తుందో పావడాలు కట్టే వయసులోనే నేర్చింది.

బాషా జీపు ఇంజనును తిరగగట్టి రెండు వారాలైంది. లారీ నుంచి ఊడదీసిన పెద్ద కార్బురేటరు బిగించాడు. ఇంజను హెడ్డును బెంగళూరుకు పంపి అరగదీయించాడు. లోపల కవాటాలను ఎత్తే ఇరుసునూ మార్చాడు. ఇప్పుడు ఇంజను పాత గొంతుతో పలకడంలేదు. మెల్లగా ఉన్నప్పుడు కుంటుతుంది, దగ్గుతుంది. తొక్కితే మాత్రం పిచ్చెత్తినట్టు కేక పెడుతుంది.

ఆ కేక మీదనే లెక్క కట్టాడు బాషా. సుద్దముక్కతో షెడ్డు గోడ మీద గీసి గీసి, చివరికి పెద్దగా రాశాడు: నలభై ఆరు. పక్కనే పాత అంకె ఉంది, ముప్పై ఎనిమిది.

“అమ్మా! ఎనిమిది గుర్రాలు పెరిగినాయే!” అని కేకేశాడు.

అత్త మేరాజ్ బీ వాకిట్లో మంచం మీద నుంచి లేవలేదు గానీ, నోరు మాత్రం లేచింది. “నా కొడుకు ఉత్త ఇనుములోంచి ఎనిమిది గుర్రాల్ని పుట్టించినాడు. ఇంట్లో ఉండేదేమో ఆరేండ్లాయ, ఒక గాడిదపిల్లను గూడ కన్లేదు.”

షాజాదీ ఖాళీ బిందె పట్టుకుని నిలబడింది. మాట తగలనట్టే నిలబడింది. ఆమె మనసు వేరే చోట ఉంది. కేక పెట్టించక ముందు జరిగింది ఒకటి ఆమె కళ్లలోంచి పోవడంలేదు.

మొదట బాషా ఇంజనును మెల్లగా తిప్పి తాడు బిగించాడు. పోయిన నెలలో పాత ఇంజను అదే వేగంలో మోసిన బరువులే. అప్పుడు ఇంజను ముసలి ఎద్దులాగా తల వంచుకుని, ముక్కుతూ లాగింది, ఆగలేదు. ఇప్పుడు మూడో బరువు వేయగానే వణికింది. నాలుగోది వేస్తే ఠపీమని చచ్చింది. బాషా ఒక్క క్షణం ఆ చక్రం వైపు చూశాడు. తర్వాత గబగబా బరువులు తీసేసి, మళ్లీ స్టార్టు చేసి, కేక పెట్టించాడు. గోడ మీద ఆ చావు గురించి ఏమీ రాయలేదు. పాపం గమనించలేదేమో అనుకుంది షాజాదీ. ఆడవాళ్లకు ఇదొక జబ్బు. మొగుడు చెప్పనిదల్లా మొగుడు గమనించలేదనే అనుకుంటారు.

అన్నం పెట్టేటప్పుడు నోరు తెరిచింది.

“ఇదో, గట్టిగా తొక్కితే బలం పెరిగినమాట నిజమే. మెల్లగా పొయ్యేటప్పుడు తగ్గింది. నాలుగో బరువుకే చచ్చిపాయె గదా. గుట్ట ఎక్కేది మెల్లగానే గదా?”

బాషా సంగటి ముద్ద మింగి, చెయ్యి అట్లే పెట్టుకుని చూశాడు. “నీళ్లు పొయ్యమంటే ఇంజనీరువయితివే. గోడ మీద ఏముండాదో చూడు. చదువు రాకపోతే అంకె చూసేదన్నా నేర్చుకో.”

“ముల్లు సూసి చెప్పింది నేనే గదా.”

“ముల్లు సూసేదానికి కోతి గూడ సాలు. పులుసు పొయ్యి.”

పోసింది.

రేపు మడకశిర కంట్రాక్టరు తిప్పేస్వామి వస్తున్నాడు. గుట్ట మీద రాళ్లు కొట్టే కూలీలకు నీళ్లు మోసేందుకు ఆయనకు జీపు కావాలి. నీళ్ల పీపాలు వేసుకుని గుట్టదారి ఎక్కి చూపిస్తే జీపు ఆయనది. ఎక్కితే సరే. ఎక్కకపోతే?

ఎక్కకపోతే ఏమవుతుందో షాజాదీకి తెలుసు. గుట్టదారి సగంలో నిట్టనిలువు మలుపు ఒకటుంది. బరువుతో బండి అక్కడ నీరసపడుతుంది. అప్పుడు బండి వెనకే నడిచివచ్చే మనిషి అడ్డరాయిని చక్రం కింద తోయాలి. బండి ఊపిరి తీసుకుంటుంది, మళ్లీ నాలుగు బారలు ఎక్కుతుంది, మళ్లీ రాయి. కొండదారిన పోయే ప్రతి బండికీ వెనక ఇట్లాంటి మనిషి ఒకడుంటాడు. ఈ బండికి చేతిబ్రేకు పేరుకే ఉంది, కాలిబ్రేకు బరువు వేస్తే పట్టదు. కొండ ఎక్కించే చిన్న గేరు పళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. ఉన్నదల్లా రాయి, రాయి పట్టిన చేతులు.

ఇదివరకు ఆ చేతులు క్లీనరు ఈరప్పవి. పోయిన ఏడు అదే మలుపులో రాయి జారింది. బండి ఈరప్ప పాదం మీదికి వచ్చింది. ఆ చప్పుడు గురించి ఎవరూ మాట్లాడరు. ఇప్పుడు ఈరప్ప రోడ్డు పక్కన కూచుని, కర్ర ఆనించుకుని, పోయే బస్సులను చూస్తుంటాడు. తర్వాత ఆ పనికి ఒక్క మగవాడూ రాలేదు. “కూలి ఇచ్చి క్లీనరు ఎందుకురా, ఇంట్లో మనిషుండంగ?” అని మేరాజ్ బీ తేల్చింది. అంతే, రాయి షాజాదీ చేతికొచ్చింది. చీపురు వచ్చినట్టు, చేట వచ్చినట్టు, అడగకుండానే వచ్చింది.

పాత ఇంజనుతో అయితే భయం ఉన్నా, దానికొక లెక్క ఉండేది. ఆ ఇంజను చచ్చేముందు మూలిగేది. ఆ మూలుగు వినగానే ఆమె వంగి రాయి తోసేది. ఈ కొత్తది మూలగదు. ఠపీమని చస్తుంది. చచ్చిన మరుక్షణమే బండి వెనక్కి వస్తుంది. రాయి పెట్టడానికి రెప్పపాటు కూడా ఉండదు. పొయ్యి ఊదుతున్నా, అత్త కాళ్లు పిసుకుతున్నా, ఆమె చెవుల్లో అదే ఠపీమన్న చప్పుడు. కడుపుతో ఉండి ఉంటే రాయి ఇంకెవరి చేతికైనా పోయేదేమో. ఖాళీ కడుపు ఆడదాని ఎముకలు విరిగితే ఇంటికి నష్టమేమీ లేదని లోకం లెక్క. ఆ లెక్క ఏ గోడ మీదా రాసి ఉండదు, అయినా అందరికీ నోటికొచ్చు.

మరుసటి రోజు ఎండ ఎక్కుతుండగా గుట్ట కింద చేరారు. తిప్పేస్వామి తెల్లపంచె, నల్లద్దాలు, నోట్లో వక్కాకు. రెండు నీళ్ల పీపాలు జీపు వెనక ఎక్కించారు. జీపు ముక్కు పైకెత్తి, వెనక కుంగి నిలబడింది.

“ఏమప్పా బాషా, నలభై ఆరు గుర్రాలంటివి. ఎక్కుతాదా, లేక మేత అడుగుతాదా?” అని నవ్వాడు తిప్పేస్వామి.

“మేకపిల్ల మాదిరి ఎక్కుతాది సామీ. మీరు ఈడనే నిలబడి సూడండి.”

“దుడ్లు ఇచ్చేముందు సూడాలగదా మళ్ల.”

బాషా ఎక్కి కూచుని స్టార్టు చేశాడు. ఇంజను కుంటింది, దగ్గింది. తొక్కగానే కేక పెట్టింది. వెనక్కి తిరిగి షాజాదీతో, “రాయెత్తుకో. బండికి మూరెడు దూరంలో రా. ఎక్కువ ఎనకబడొద్దు,” అన్నాడు.

ఎత్తుకుంది. రాయి ఒకవైపు ఆమె అరచేతులు రాసి రాసి నున్నగా అయింది. పొగగొట్టం వేడి మోకాళ్లకు తగులుతోంది. ఎదురుగా వెనక టైరు, దాని గాళ్లలో ఇరుక్కున్న చిన్న గులకరాళ్లు. వాటిలో ఒకటి తెల్లగా, పన్నులాగా ఉంది. షాజాదీ దాన్నే చూస్తూ ఉండిపోయింది. రాయి జారుతుందేమోననిపించింది, ఇప్పుడే, నేల చదునుగా ఉన్నచోటే. మరి ఆ మలుపులో?

దారి పక్కకు జరిగింది. రాయి దించింది. దాని మీద కూచుంది.

నిజంగా అంత పనీ తనే చేసిందా అని ఆమెకే భయం వేసింది. అయినా లేవలేదు.

“ఏమే! కూచుంటివేం?” బాషా గొంతు ఇంజను మీదుగా వచ్చింది.

“నువ్వు పో,” అంది షాజాదీ. “నలభై ఆరుండాయి గదా. రాయెందుకు?”

తిప్పేస్వామి పకపకా నవ్వాడు. “ఆయమ్మ చెప్పేది న్యాయమే గదప్పా! మేకపిల్ల ఎనకాల రాయి మోస్తారా ఎవురన్నా? పోనీ, పోనీ!”

బాషా నవ్వలేదు. ఇంజను కేక పెడుతూనే ఉంది. అతని కాలు క్లచ్చి మీద నుంచి లేవలేదు. ఒకసారి మలుపు వైపు చూశాడు. ఒకసారి వెనక పీపాల వైపు చూశాడు. ఇంజను ఆపి, దిగి, ఆమె దగ్గరకు వచ్చాడు. కంట్రాక్టరుకు వినపడకుండా వంగి, పళ్ల మధ్యనుంచి అన్నాడు:

“లే. తమాసాలొద్దు. మెల్లగా పొయ్యేకాడ అది నిలబడదని నీకు తెల్దా? ఎనకాల మనిషి లేకపోతే నన్ను సావమంటావా?”

షాజాదీ తలెత్తి చూసింది. ఇన్నాళ్లూ తన కడుపులో మోసిన భయం, మొదటిసారి అతని మొహం మీద కనిపించింది. అదే భయం. అంగుళం తేడా లేదు.

అంటే, చూశాడు. షెడ్డులో ఇంజను చచ్చిన ఆ క్షణమే చూశాడు. లెక్క కట్టాడు. గోడ మీద రాయని అంకె అతని తలలో ఉంది, దాని పక్కన ఆమె చేతులు వేసి కూడితే సరిపోయింది. ఆమె భయపడింది సంగతి తెలియని మనిషి నడిపే బండికి. ఇతనికి అంతా తెలుసు.

వేళ్లు రాయిని వదిలాయి. లేచి నిలబడింది.

“ఈడుండాది రాయి,” అంది. “నువ్వు పట్టు.”

“ఏం రా బాషా, ఎక్కుతాదా ఎక్కదా?” అని తిప్పేస్వామి వక్కాకు ఉమ్మి అరిచాడు.

జవాబు కోసం షాజాదీ ఆగలేదు. ఊళ్లోకి పోవాలన్నా, కొత్తచెరువు బస్సు ఎక్కి తల్లి దగ్గరికి పోవాలన్నా, బండి వెనక నుంచి అడ్డంగా దాటితేనే దగ్గర దారి. ఆమె, దూరమైనా, జీపు ముందు నుంచి చుట్టి పోయింది.