జిగురు పూలు

ఆసుపత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎక్స్‌రేలు తీసి రిటైరైన ఆమెని ఆ అపార్ట్‌మెంట్లో అందరూ ఎక్స్‌రే ఆంటీ అనేవారు. పనిలేకుండా కూర్చుంటే ఆమెకి పొద్దుపోదు. అందుకని భవనం వెనక, పాత నీళ్ళ ట్యాంకు పగలగొట్టి వదిలేసిన చోటు మీద కన్నేసింది. అక్కడ సిమెంటు పెళ్ళలు, విరిగిన కమోడు ముక్కలు, ఎవరిదో తుప్పు పట్టిన సైకిలు ఉండేవి. అవన్నీ ఎత్తి పోయించడానికే నెల పట్టింది.

తర్వాత రాళ్ళతోట మొదలుపెట్టింది. అడుగున ఇటుక ముక్కలు, పైన కంకర, దానిపైన ఇసుక కలిపిన మట్టి. రాళ్ళని ఊరికే పైన పెట్టలేదు. ఒక్కొక్కదాన్ని మూడోవంతు మట్టిలోకి దిగేసింది. అలా చేస్తే రాయి అక్కడే పుట్టినట్టుంటుందని ఎక్కడో చదివింది. "మా ఆవిడ ముళ్ళ మధ్యే హాయిగా ఉంటుంది, నా పక్కన కాదు" అని భర్త కనబడిన వాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు.

మొక్కలు కూడా ఒక పట్టాన దొరికేవి కావు. నెత్తి చుట్టూ గులాబీరంగు పూలు తలపాగాలా కట్టుకునే గుండ్రటి కాక్టస్ ఒకటి. అయిదు కోణాల నక్షత్రంలా విచ్చుకుని, కుళ్ళిన మాంసం కంపు కొట్టే పువ్వు ఒకటి. అది మొదటిసారి పూసినప్పుడు వాచ్‌మన్ చచ్చిన ఎలుక కోసం రెండు రోజులు మెట్లకింద వెతికాడు. ఇక అన్నిటికంటే ఆమె ప్రాణం పెట్టుకున్నది రాతిమొక్క. చూస్తే అచ్చం గులకరాయే. రెండు బద్దల మధ్య సన్నటి చీలిక ఉంటుంది. నాలుగేళ్ళు సాకితే, ఆ చీలికలోంచి ఒక పువ్వు వస్తుంది. నాలుగో ఏడు ఆ చీలికలో ఆవగింజంత మొగ్గ కనబడింది. భూతద్దం పెట్టుకుని రోజూ చూసుకునేది.

సరిగ్గా ఆ వారంలోనే అపార్ట్‌మెంట్ల తోటల పోటీ వచ్చిపడింది. మూడో అంతస్తులో ఉండే మరిది ఆ భవనానికి సెక్రటరీ. మనిషి మంచివాడే, వదినంటే ప్రాణం పెడతాడు కూడా. కానీ నలుగురిలో పేరంటే ఆగలేడు. తోటలో ఒక్క పువ్వూ లేదేమని నాలుగు రోజులుగా ఆమె ప్రాణం తోడేస్తున్నాడు. కాక్టస్‌లు ఎవరో వస్తున్నారని పూయవనీ, వాటి ఋతువు వాటికుంటుందనీ ఆమె చెప్పింది. అతను తలూపి వెళ్ళిపోయాడు.

పోటీ రోజు పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వెనక్కి వెళ్ళిన ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. తోటంతా పూసింది. ఎరుపు, ఊదా, పసుపు. ప్రతి కాక్టస్ నెత్తినా ఒక పువ్వు. ఒక్క క్షణం ఆమె గుండె గంతేసింది. ఇంత అదృష్టం ఎక్కడిదని అనుకుంటూ దగ్గరికి వెళ్ళి ఒకదాన్ని వేలితో తాకింది.

అది కాగితంలా గరగరలాడింది.

వంగి చూసింది. రంగు వేసిన ఎండు పువ్వు. దాని కింద పచ్చగా, మెరుస్తూ, గడ్డ పగిలి కారిన చీములా జిగురు. వేడిగా పోసిన జిగురు మొక్క చర్మం మీద కాలిన మచ్చ చేసి, ముళ్ళని కలిపి అంటుకుపోయి ఉంది. ఒంటిమీద జెర్రి పాకినట్టయింది. పక్క మొక్క చూసింది, దాని పక్కది చూసింది. అన్నీ అంతే. చివరికి రాతిమొక్క దగ్గర కూర్చుంది. సరిగ్గా ఆ చీలికలోనే, మొగ్గ ఉన్నచోటే, జిగురు నిండా పోసి, నారింజరంగు పువ్వొకటి గుచ్చారు.

తాగిన రెండు గుక్కల టీ గోడవారన కక్కేసింది.

మరిది అప్పటికే ఇస్త్రీ చొక్కాతో కిందికి దిగాడు. ఆమె మొహం చూడగానే సంగతి అర్థమైంది. నర్సరీ వాళ్ళందరూ చేసేదే ఇది, జనం కూడా ఇవే కొనుక్కుంటారు, నిన్న సాయంత్రం తనే స్వయంగా రెండు గంటలు కూర్చుని అంటించానని, ఏదో ఉపకారం చేసినవాడిలా చెప్పుకొచ్చాడు.

"దాని నోట్లో జిగురు పోశావయ్యా," అంది ఆమె.

"ఒక్క పూట వదినా. సాయంత్రం నేనే పీకేస్తాను. అయినా మీ కంపు పువ్వు ఈగల్ని మోసం చెయ్యట్లేదా? మోసం లేని పువ్వెక్కడుంది?"

ఆమె నోరు తెరిచేలోపే గేటు దగ్గర కారాగింది.

తీర్పరిగా వచ్చినావిడ ఒకప్పుడు వృక్షశాస్త్రం చెప్పిన లెక్చరరు. వెనకాల అపార్ట్‌మెంటు వాళ్ళందరూ మంచి బట్టలేసుకుని చేరారు. ఆవిడ రాళ్ళు పేర్చిన తీరు మెచ్చుకుంది. కళ్ళజోడు సర్దుకుని రాతిమొక్క మీదికి వంగింది, చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి, అన్నీ ఒకేసారి ఎలా పూయించారమ్మా అని అడిగింది.

మరిది ఊపిరి బిగబట్టాడు. తోడికోడలు ఫోన్‌లో వీడియో తీస్తోంది.

"ఎండ బాగా తగిలింది," అంది ఎక్స్‌రే ఆంటీ.

అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి బహుమతి వాళ్ళకే వచ్చింది. శాలువా కప్పించుకుంటుంటే ఆ ఉన్ని తడిగుడ్డలా మెడకి తగిలింది. అది ఎప్పుడు తీసి పారేద్దామా అని చూసింది. కారెక్కబోతున్న తీర్పరిని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, అవి నిజం పూలు కావని మీకు తెలియలేదా అని అడిగేసింది.

ఆవిడ విసుగ్గా నవ్వింది. "తెలియకేమమ్మా. పక్క వీధిలో గడ్డికి పచ్చరంగు కొట్టారు. అవతల వీధిలో కుండీలు నర్సరీ నుంచి అద్దెకి తెచ్చారు. మీ దగ్గర రాళ్ళైనా నిజంవి."

కారు వెళ్ళిపోయింది. ఆమెకి మరిది మీదున్న రోత సగం ఆ కారెక్కి వెళ్ళింది. మిగిలింది తన మీదే. అడిగినప్పుడు నోరు తెరిచి చెప్పగలిగుండీ చెప్పలేదు. ఎండ తగిలిందంది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాలుక మీద పాచి పేరుకున్నట్టుండేది. ఎన్నిసార్లు నోరు కడుక్కున్నా పోలేదు.

ఆ మధ్యాహ్నమే పట్టకారు, బ్లేడు, స్పిరిట్ దూది పెట్టుకుని కూర్చుంది. జిగురు ఊడితే దానితో చర్మం కూడా ఊడేది. కింద చెమ్మ పట్టి పుల్లటి వాసన. మూడురోజులు అదే పని. పదిహేడు మొక్కల్లో ఆరు మెత్తబడి, వేలు నొక్కితే లోపలికి దిగిపోయాయి. వాటిలో రాతిమొక్క ఒకటి. దాన్ని చేత్తో తియ్యడానికి మనసొప్పక చెంచాతో తీసింది.

నాలుగోరోజు లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించింది. 'మన తోటకి బహుమతి తెచ్చిన పూలు అంటించినవి. ఆ సంగతి నాకు ముందే తెలుసు. అడిగితే అబద్ధం చెప్పాను.' కింద సంతకం పెట్టి, అవే మాటలు రాసిన ఉత్తరంతో శాలువానీ బహుమతి కప్పునీ పోటీ వాళ్ళకి పంపించేసింది. వాళ్ళనుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. అపార్ట్‌మెంట్లో మాత్రం పెద్ద దుమారమే లేచింది. బంగారంలాంటి పేరు చేజేతులా పోగొట్టిందని కొందరు మొహం తిప్పుకున్నారు. ఈ వయసులో ఈవిడకి ఇదేం పిచ్చి అని తోడికోడలు భర్తతో అంటుంటే కిటికీలోంచి వినబడింది. మరిది మూడు వారాలు ఆ వైపే రాలేదు. సెక్రటరీ పదవి మాత్రం వదల్లేదు.

నాలుగోవారం ఒక సాయంత్రం వచ్చి రాళ్ళ అంచున నిలబడ్డాడు. చచ్చిపోయిన మొక్కల స్థానంలో కొత్తవి కొనిస్తానన్నాడు. వద్దంది. అతను కదల్లేదు. ఆమె రాతిమొక్క ఉండిన గుంటలోంచి జిగురు అంటిన కంకర ఎత్తి బకెట్టులో పోసి అతని ముందు పెట్టింది.

"ఒక్కో రాయి గీకి కడుగు. వాసన పోయేదాకా."

అతను చొక్కా చేతులు మడుచుకుని కింద కూర్చున్నాడు. గీకుతుంటే ఆ మురుగు వాసనకి మొహం చిట్లించి, రెండుసార్లు పక్కకి ఉమ్మేశాడు. ఆమె అతనికెదురుగా పీట వేసుకుని తనూ బ్లేడు అందుకుంది.