రెండు గడియారాల ఉపవాసం

మా గ్యాస్ ప్లాట్‌ఫాం ఉన్న సముద్రం మాదని మలేషియా, కాదు మాదని థాయ్‌లాండ్ ఏళ్ల తరబడి తగువులాడుకున్నాయి. చివరికి తగువు పక్కన పెట్టి, దొరికిన గ్యాసు చెరిసగం పంచుకుందామనుకున్నాయి. అందుకే మా భోజనాల గదిలో గంట తేడాతో రెండు గడియారాలుంటాయి. కిటికీ మాత్రం ఒక్కటీ లేదు.

అక్కడ నాకది తొలి రంజాన్. గోడకున్న ఇఫ్తార్ కాగితంలో ఆరూ ఇరవై ఆరు అని ఉంది. మా మలేషియా గడియారమూ అంతే చూపిస్తోంది. ఖర్జూరం నోట్లో వేసుకున్నాను.

"ఒరేయ్ రజ్మీ! పైన ఎండ ఇంకా కొడుతోందిరా!" అంటూ వంటాయన దొలో గరిటెతో పరిగెత్తుకొచ్చాడు. ఆయనది థాయ్ వైపు ఊరు.

"కాగితంలో ఉందిగా అన్నా!"

"అది నేను అంటించిందిరా, మా థాయ్ టైము. నువ్వు చూసింది గంట ముందుండే మీ గడియారం."

నాకు ఒళ్లు మండింది. "అయితే దీనికి బదులు ఇంకోరోజు ఉపవాసం నేనొక్కణ్ణే ఉండాలా?"

ఆయన రెండు గడియారాల్నీ ఎగాదిగా చూశాడు. "కాగితం నాది, గడియారం నీది. ఇక్కడ ఏదైనా చెరిసగమేగా! నేనూ ఉంటాలే."

పండగ వెళ్లాక, అందరికీ వండిపెడుతూనే ఆయన నాతోపాటు పస్తున్నాడు. సాయంత్రం గడియారాల వంక చూడకుండా, ఖర్జూరాలు పట్టుకుని నన్ను డెక్ మీదికి తీసుకెళ్లాడు.

"సూర్యుడు ఎవరి వైపు మునుగుతున్నాడన్నా?"

"ముందు పూర్తిగా మునగనివ్వరా బాబూ!" అంటూ ఖర్జూరాల డబ్బా వెనక్కి దాచుకున్నాడు.