పాపబండికి వీపుపలక

సాలూరులో జగన్నాధం షెడ్డుకి లారీ వచ్చేటప్పుడు ఇంజనూ, చక్రాలూ, ఇనప దూలాలూ తప్ప దానికి ఏమీ ఉండవు. వెళ్లేటప్పుడు క్యాబిను, సీట్లు, రంగులు, దిష్టిబొమ్మ అన్నీ తొడుక్కుని పెళ్లికొడుకులా వెళుతుంది. ఆ వేసవిలో మాత్రం రెండు లారీలు మొండెంతో ఎండలో నిలబడి ఉండగా, షెడ్డంతా జానెడు చక్రాలున్న ఒక పాపబండి చుట్టూ తిరిగింది. లారీల వాళ్లు ఫోన్లు చేసి తిడుతున్నా జగన్నాధం చెవిన పెట్టలేదు. పెట్టడు మరి, బండి మనవరాలిది.

భరణికి నాలుగో నెల. పాలు బాగానే తాగుతుంది. తాగినవి మళ్లీ గొంతులోకి వస్తాయి. పసిపిల్లలు పాలు కక్కడం లోకంలో లేనిదేం కాదు కానీ, ఈ పిల్ల కక్కేటప్పుడు ఊపిరి తీసుకోవడం మరిచిపోతుంది. ఒకసారి మూతి చుట్టూ నీలం తిరిగింది. ఇంటిల్లిపాదీ కారేసుకుని విజయనగరం పరిగెత్తారు. పిల్లల డాక్టరమ్మ చూసి, కూర్చునే వయసొస్తే చాలావరకూ తగ్గిపోతుందంది. అంతదాకా పాలు తాగాక కాసేపు ఏటవాలుగా ఉంచమని, నిద్రపోతే మాత్రం చదునుగా పడుకోబెట్టమని చెప్పింది. ఆవిడకేం, చెప్పేసింది. భుజాన వేసుకుంటే పొట్ట నొక్కుకుని ఉన్నదంతా కక్కేస్తుంది. ఒళ్లో పెట్టుకుంటే జారిపోతుంది. చెయ్యి నొప్పెట్టి కాస్త వాల్చారా, మళ్లీ అదే గొంతు గురగుర.

భరణి తండ్రి ఉపేంద్ర రాయ్‌పూర్ రూట్లో లారీ తోలుతాడు. విశాఖపట్నం నుంచి ఖాళీగా వస్తూ ఒక పాపబండి కొనుక్కొచ్చి వాకిట్లో దింపి, మళ్లీ లోడు ఎత్తుకుని వెళ్లిపోయాడు. దాని వీపుపలకకి తెలిసినవి రెండే: కూర్చోవడం, పడుకోవడం. కూర్చోబెడితే పాప గడ్డం గుండె మీదికి వాలి మెడ మడతపడుతుంది. పడుకోబెడితే పాలు పైకొస్తాయి. ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంది భరణికి ఊపిరాడే చోటు. ఆ చోటు దగ్గర పలకని జారకుండా నిలపాలి. ఆ పని తల్లి దీపిక తన నెత్తిన వేసుకుంది.

దీపికది రాజాం. మెకానికల్ డిప్లొమా చదివింది. పెళ్లయి వచ్చాక మావగారి షెడ్డులో క్యాబిన్లకి కొలతల బొమ్మలు గీసేది తనే. ఆమె గీస్తే జగన్నాధం కోస్తాడు, అతుకుతాడు. ఇద్దరికీ మాట మాటకీ వాదనే, పని మాత్రం చక్కగా సాగిపోతుంది.

"పళ్లపట్టీ పెట్టీయమ్మా," అన్నాడు జగన్నాధం. "లారీ హేండుబ్రేకుకి ఉంటాది సూడు, అలగ. పన్ను మీద పన్ను, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగిపోద్ది."

"ఒద్దు మావయ్యా. పన్ను దిగినప్పుడల్లా టకామని కుదుపుతాది. పాప అదిరిపడితే చాలు, పాలు పైకొచ్చేస్తాయి. నిద్రపోయినాక దించాలి కదా, దానికి తెలీకుండా దించాలి."

ఆమె ఊహ వేరు. పలక పక్కన రెండు ఇనప బిళ్లలు, వాటి నడుమ గరుకుతో పట్టి ఆపే లారీ బ్రేకు లైనరు ముక్క. బయట నాబు బిగిస్తే బిళ్లలు లైనరుని కరిచి పలకని పట్టుకుంటాయి. వదులు చేస్తే పలక మెత్తగా, చప్పుడు లేకుండా దిగుతుంది. పళ్లూ లేవు, కుదుపూ లేదు. జగన్నాధం చేసి బిగించి, పలక మీద మోచెయ్యి మోపి బలం కొద్దీ నొక్కాడు. కదల్లేదు. బియ్యం మూట ఎక్కించి భోజనానికి వెళ్లొచ్చాడు. అప్పటికీ కదల్లేదు. కోడల్ని ఎదురుగా మెచ్చుకోవడం అలవాటు లేని మనిషి, పక్క షెడ్డు వాళ్లందరికీ మాత్రం చూపించుకొచ్చాడు.

షెడ్డు గేటు దాటే ఏ బండికైనా జగన్నాధం భార్య మహాలక్ష్మమ్మ చేతి పూజ జరగాలి. పసుపు రాస్తుంది, బొట్లు పెడుతుంది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిస్తుంది. ఆఖర్న నువ్వుల నూనెలో ముంచిన ఒత్తి పట్టుకుని తలుపు కీళ్లన్నిటికీ తలో చుక్కా వేస్తుంది. ఇంటి నుంచి బయల్దేరే బండి కిర్రుమని ఏడవకూడదని ఆవిడ పట్టింపు. నూనె చుక్క పడందే తాళం తిప్పని డ్రైవర్లు కూడా ఉన్నారు. ఊళ్లో వాళ్ల లారీలకే అంత చేసే మనిషి మనవరాలి బండికి తక్కువ చేస్తుందా? దీపిక లోపల పాపకి పాలిస్తోంది. జగన్నాధం కొబ్బరికాయ పీచు తీస్తున్నాడు. మహాలక్ష్మమ్మ బండి చుట్టూ తిరిగి, కీలు కనిపించిన చోటల్లా, సందు కనిపించిన చోటల్లా ముద్దుగా చుక్క వేసింది. ఏ చుక్క ఎక్కడికి దిగిందో ఎవరూ చూడలేదు.

పాలు తాగిన పాపని దీపిక తెచ్చి ఏటవాలు పలక మీద ఆనించింది, బెల్టు పెట్టింది, నాబు బిగించింది, రెండోసారి కూడా బిగించి చూసింది. అత్తగారు పక్కనే ముక్కాలిపీట వేసుకుని చింతపండు గింజ తీస్తూ కూర్చుంది. నాలుగడుగుల అవతల బల్ల మీద దీపిక క్యాబిను బొమ్మ పరుచుకుంది. అక్కడి నుంచి ఆమెకి బండి అంచు మీదుగా పాప నుదురు, దాని మీద దిష్టిచుక్క కనిపిస్తున్నాయి. గీత గీస్తోంది, తల ఎత్తి చుక్క చూస్తోంది, మళ్లీ గీస్తోంది. పాప పుట్టాక ఇంత నెమ్మదిగా ఊపిరి పీల్చుకున్నది ఆ పూటే.

పలక ఒక్కసారిగా పడి ఉంటే ఎవరికైనా తెలిసేది. అది గడియారంలో చిన్నముల్లు కదిలినట్టు కదిలింది. పక్కనే కూర్చున్న మహాలక్ష్మమ్మ కంటికే ఆనలేదు. దీపిక తలెత్తినప్పుడు చుక్క సగమే కనిపించింది. పాప జారిందేమో, గీత పూర్తి చేసి వెళ్లి సర్దుదామనుకుంది. మళ్లీ తలెత్తేసరికి చుక్క లేదు. నుదురూ లేదు. పాప కాళ్లాడించే చప్పుడు కూడా లేదు.

బల్ల పక్కకి తన్నేసి పరిగెత్తింది. పలక చదునుగా పడి ఉంది. భరణి నోటి నిండా పాలు, కళ్లు తెరుచుకుని ఉన్నాయి, మూతి నీలం. బెల్టు రాలేదు. లాగింది, మళ్లీ లాగింది, ఊడింది. పాపని ముంజేతి మీద బోర్లా వేసి తల కిందికి వాల్చి వీపు మీద చరిచింది. పాలు నేల మీద పడ్డాయి. ఏడుపు లేదు. మళ్లీ చరిచింది. "అమ్మా, అమ్మా," అని ఎవర్ని పిలుస్తోందో ఆమెకే తెలియదు. మళ్లీ చరిచింది. అప్పుడు ఏదో తెగినట్టు చిన్న కేక, వెనకే పెద్ద ఏడుపు.

ఆ ఏడుపు వినడానికి దీపిక ఆస్తులు రాసిచ్చేసేది. విన్నాక మాత్రం ఒళ్లంతా కోపమైంది.

"నాబు ఎందుకు తిప్పారు అత్తమ్మా?"

"ఓలమ్మో, నాను ముట్టుకోనేదే! భరణి గుంట మీద ఒట్టు, నాను ముట్టుకోనేదు."

"ముట్టుకోకుండా అదే పడిపోయిందేటి?"

జగన్నాధం స్పానరు తెచ్చి నాబు విప్పాడు. బిళ్లలు విడదీశాడు. లైనరు ముక్క తళతళలాడుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. బ్రేకు లైనరుకి నూనె తగిలితే పట్టు జారిపోతుందని సాలూరులో బండి కడిగేవాడికి కూడా తెలుసు. ఆయన భార్య వైపు తిరిగి గొంతు చించుకున్నాడు.

"ఒసే, లైనరుకి నూనె పోసినావేటే! గుంట పేనం తీసేద్దువే!"

మహాలక్ష్మమ్మ తన చేతివేళ్ల వైపు చూసుకుంది. లేచి ఇంట్లోకి వెళ్లిపోయింది. చింతపండు అలాగే ఉండిపోయింది.

ఆనాటి నుంచీ ఆవిడ పాపని ముట్టుకోలేదు. వంట చేసింది, బట్టలు ఉతికింది, ఉయ్యాల ఉన్న గదిలోకి మాత్రం వెళ్లలేదు. పాప ఏడిస్తే గుమ్మం బయట నిలబడి, "అమ్మా దీపికా, గుంట ఏడస్తన్నాది," అని చెప్పి పక్కకి తప్పుకునేది. ఫోన్లో ఉపేంద్ర అడిగితే దీపిక బాగానే ఉన్నామంది. నిజం చెప్పొద్దూ, అత్తగారు దూరంగా ఉండటం ఆమెకి మొదట హాయిగానే ఉంది. నేరం చేసినవాళ్లు కనపడకుండా తిరిగితే మనకి పని తేలిక.

రోజూ మహాలక్ష్మమ్మే పాపకి నూనె రాసి నీళ్లు పోసేది. ఇప్పుడా పని దీపిక మీద పడింది. కాళ్లు చాపుకుని పాపని వేసుకుని, గోరువెచ్చటి కొబ్బరినూనె తలకీ వీపుకీ పట్టిస్తూ, నూనె జారి తన పాదాల దాకా రావడం చూసి ఆగిపోయింది. ఈ వీపే ఇక రోజూ ఆ పలక మీద ఆనాల్సింది. ఈ నూనే గుడ్డలో ఇంకి, పలక మీదుగా దిగి, ఏదో ఒక రోజు ఆ లైనరు దగ్గరికి చేరి తీరేది. అత్త చుక్క వెయ్యకపోతే మాత్రం ఆగేదా? వచ్చే నెలో ఎప్పుడో, ఎవరూ పక్కన లేనప్పుడు జారేది. నూనె వాడని పూటంటూ లేని ఇంట్లో, నూనె తగిలితే చచ్చే కీలు గీసింది ఎవరు? ఆ ప్రశ్నకి జవాబు తన వేళ్ల మీదే మెరుస్తోంది.

పాపకి నీళ్లు పోసి ఎత్తుకుని, ఆ తడి చేతులతోనే షెడ్డుకి వెళ్లింది. "మావయ్యా, పళ్లపట్టీయే. కానీ పళ్లు సన్నగా ఉండాల. నేను గీస్తాను."

జగన్నాధం ఎగతాళి చెయ్యలేదు. చెయ్యాలనిపించినా ఆ మొహం చూసి మింగేశాడు. ఈసారి పలక కింద వంపుగా ఒక ఇనప పట్టీ, దానికి గాజుల అంచులా సన్నటి పళ్లు, పళ్ల సందులో పడి ఆపే ఇనప నాలుక. పైన బరువు పెరిగే కొద్దీ నాలుక ఇంకా లోపలికి దిగేలా గీసింది. పలకని కాస్త పైకెత్తి, రెండో చేత్తో పిడి లాగితేనే అది వదలాలి. కుదుపు తగ్గడానికి కింద మెత్తటి స్ప్రింగు. మొదటిసారి నాలుక పొట్టిదైంది. రెండోసారి పిడి బిగుసుకుపోయింది. మావా కోడలూ ఒకళ్లనొకళ్లు కసురుకుంటూ, అన్నం చల్లారబెట్టుకుంటూ, మూడోదానికి కుదిర్చారు.

బియ్యం మూట పెట్టాక దీపిక వంటింట్లోంచి నువ్వుల నూనె గిన్నె తెప్పించింది. పళ్ల మీద, నాలుక మీద, స్ప్రింగు మీద గిన్నెడూ వంచేసింది. జగన్నాధం బండిని గేటు దాకా గతుకుల్లో ఈడ్చుకెళ్లి ఈడ్చుకొచ్చాడు. నూనె కారింది, మూట అదిరింది. పలక మాత్రం ఉన్న చోటే ఉంది.

దీపిక పాపకి పాలు పట్టి, నేరుగా అత్తగారి దగ్గరికి వెళ్లింది.

"మీరే బండిలో పడుకోబెట్టాల అత్తమ్మా."

"నానొద్దు. నా సెయ్యి మంచిది కాదే. నువ్వే పెట్టుకో."

"మీ చెయ్యి మంచిదే. నేను గీసిన కీలే మంచిది కాదు. మీరు నూనె ఎయ్యకపోయినా అది పడిపోయేదే. ఆ రోజు మిమ్మల్ని ఆ మాట అన్నందుకు నాకు సిగ్గుగా ఉంది."

మహాలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దీపిక ఇంకేం బతిమాలలేదు, పాపని ఆవిడ చేతుల్లో పెట్టేసింది. పెట్టాక ఏ నాయనమ్మ వద్దనగలదు? మహాలక్ష్మమ్మ పాపని షెడ్డుకి తెచ్చి పలక మీద ఆనించింది, బెల్టు పెట్టింది, పాప గుండె మీద అరచెయ్యి ఉంచింది. జగన్నాధం సుత్తి పక్కన పెట్టి నిలబడ్డాడు. భరణి ఒకసారి గుటక వేసింది. పాప వేలు నోట్లో పెట్టుకుని షెడ్డు రేకుల వైపు చూస్తోంది.

"చెయ్యి తియ్యండి అత్తమ్మా. ఆగుతుందో లేదో చూద్దాం."

"నువ్వు తీసినాక తీస్తాను."

"నేనేటి పట్టుకున్నాను?"

మహాలక్ష్మమ్మ కళ్లతోనే కిందికి చూపించింది.

దీపిక వంగి చూసుకుంది. తన ఎడమ చెయ్యి పలక కిందికి ఎప్పుడు పోయిందో ఆమెకి తెలియదు. అరచెయ్యి మొత్తం చెక్కకి ఆనించి, బరువంతా తనే ఎత్తిపట్టి ఉంది. వేళ్ల కొసలు తెల్లబడ్డాయి. ఇంతసేపూ పాప పళ్లపట్టీ మీద లేదు, తన చేతి మీదే ఉంది. ఇన్ని రోజులూ అత్తని నమ్మలేకపోతున్నాననుకుంది. తనని తనే నమ్మలేకపోయింది.

తియ్యాలంటే చెయ్యి రాలేదు. "తీయమ్మా," అన్నాడు జగన్నాధం నెమ్మదిగా. చిటికెన వేలు తీసింది. పక్క వేలు తీసింది. ఆఖరికి అరచెయ్యి కిందికి దించగానే పలక వెంట్రుకవాసి కుంగింది. కింద నాలుక పంటిలో పడి టిక్కుమంది. పలక ఆగింది. పాప రెప్ప కూడా వెయ్యలేదు.

చాలాసేపు ఎవరూ కదల్లేదు. పలకా కదల్లేదు. మహాలక్ష్మమ్మ పాప గుండె మీది నుంచి చెయ్యి తీసి, కోడలి ఎడమ చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. దానికంటిన నూనెని చీర కొంగుతో ఒక్కో వేలికీ తుడిచింది.