పాటలో దగ్గు

అది 1930ల నాటి అరవ సినిమా పాటలున్న స్పూల్ టేపు. చలపతి స్నేహితుడి తల్లి రుక్మాయమ్మగారిది. ఆవిడ తండ్రి మద్రాసులో ఆ సినిమాకి ఫిడేలు వాయించాడట. ఆ రోజుల్లో షూటింగ్‌లోనే పాట రికార్డు చేసేవారు. వాద్యగాళ్లు కెమెరాకి కనబడకుండా చెట్ల చాటున కూర్చునేవారు.

చికాగో దగ్గరి షామ్‌బర్గ్ మంచులో ఆఫీసు నుంచి వచ్చి, ఒళ్లు హూనమైనా, చలపతి మూడు వారాలు బేస్‌మెంట్‌లో కూర్చుని దాన్ని బాగుచేశాడు. ఇంజనీరు బుద్ధి ఊరుకుంటుందా? కాపీ తీస్తే క్వాలిటీ పోతుందని అసలు టేపునే బ్లేడుతో కోసి అతికించాడు.

ఆదివారం ఆవిడ కళ్లు మూసుకుని విన్నది. మూడో పాట మధ్యలో చటుక్కున తెరిచింది.

“చరణానికి ముందు దగ్గు రావాలే, నాయనా?”

“తీసేశాను పిన్నిగారూ! ఎంత క్లీన్‌గా ఉందో చూడండి.”

“ఆ ముక్క ఏదీ?”

చెత్తబండి గురువారమే వచ్చి వెళ్లింది. చలపతి ఆ మాటే చెప్పాడు.

ఆవిడ కోప్పడలేదు. “ఫిడేళ్లు నాలుగున్నాయి. అందులో నాన్నదేదో నాకెప్పుడూ తెలియలేదు,” అంది. “దగ్గు మాత్రం ఆయనదే.”