ఏసురత్నం కనురెప్పలు

ఏసురత్నం పుట్టడమే సగం మూసిన కళ్ళతో పుట్టాడు. పై రెప్పలు రెండూ కంటిపాపల మీదికి వాలిపోయి ఉండేవి. ఎదుటి మనిషిని చూడాలంటే గడ్డం పైకెత్తాలి. ఎత్తితే కళ్ళు నెత్తికెక్కాయనేవారు, దించితే నిద్రమొహం అనేవారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో తోటి గుమస్తాలు కుంభకర్ణుడని పిలిచినా నవ్వి ఊరుకునేవాడు. అంత మంచివాడు పాపం.

మేబెల్ విషయంలో మాత్రం నవ్వలేకపోయాడు.

మేబెల్ రాంగోపాల్‌పేట బడిలో టీచరు. చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. తండ్రి దేవానందం గారు అదే బడికి హెడ్మాస్టరు, నెలకు రెండు ఆదివారాలు వాక్యం చెప్పే సంఘపెద్ద. పిల్లలిద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమని తెలిసి, ఏసురత్నం తల్లి ఎలీసబెతమ్మ సంబంధం అడగడానికి వెళ్ళింది.

“మీవాడు బుద్ధిమంతుడేనమ్మా. కానీ నాలుగేళ్ళుగా పీఠం మీంచి చూస్తున్నాను. నేను నోరు తెరిస్తే చాలు, కళ్ళు మూస్తాడు. వాక్యం దగ్గరే కునుకుతీసేవాడు సంసారం ఏం ఈదుతాడు? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు” అన్నారాయన.

పాతిపెట్టే వాళ్ళకు పుడకలెక్కడివని అడిగే ధైర్యం ఎలీసబెతమ్మకు లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చేసింది. ఏసురత్నానికి దుఃఖం కంటే ఉక్రోషం ఎక్కువైంది. ఆ చర్చిలో ఒక్క ముక్క పొల్లుపోకుండా వినేది తనొక్కడే!

వర్క్‌షాపు మేస్త్రీ జంగయ్య ఆ సంగతి విని దగ్గరికొచ్చాడు. “ఏందీ రత్నం, గింత పరేషాన్ ఎందుకే? పోలీస్ యాక్షన్ల పటాలంతోని ఒక డాక్టర్ సాబ్ వచ్చిండు. లడాయిల కాలిన మొకాలు బాగుచేసిండట. మా బామ్మర్దికి తెగిన పెదివి కుట్టిండు. ఇప్పుడు వాడు ఈల సుత ఏస్తుండు. జెర పోయి కలువు.”

ఎలీసబెతమ్మ ఒప్పుకోలేదు. దేవుడిచ్చిన మొహం మీద కత్తి పెట్టిస్తావా అని మూడు రోజులు పోరింది. నాలుగో రోజు తనే కొడుకు వెంట బయల్దేరింది.

డాక్టరు మేజర్ మధుసూదన్ రెప్పను బొటనవేలితో ఎత్తి చూశాడు. “రెప్పను లేపే కండ బలహీనంగా ఉంది. దాన్ని కాస్త కురచ చేసి కుడతాను. కళ్ళు విప్పారతాయి. కాకపోతే కొన్ని నెలలపాటు రెప్పలు పూర్తిగా మూతపడవు. పడుకునేటప్పుడు మందు రాసుకుని గుడ్డ కట్టుకోవాలి.”

“ఎప్పటికీ మూతపడకపోయినా సంతోషమేనండీ” అన్నాడు ఏసురత్నం.

కట్లు విప్పి, కుట్లు తీసి, వాపు తగ్గేసరికి మూడు వారాలు పట్టింది. ఏసురత్నం అద్దం చూసుకున్నాడు. అందులో ఉన్నవి అచ్చం తల్లి కళ్ళు, పెద్దవి, చక్కనివి. ఇన్నాళ్ళూ రెప్పల చాటునే ఉండిపోయాయి. “అమ్మా, నీ పోలికేనే!” అన్నాడు. ఎలీసబెతమ్మ నవ్వుతూ ఏడ్చింది. మర్నాడు జంగయ్య చూసి, “గుడ్లగూబ లెక్క గిట్ల జూస్తవేందివయా!” అని వర్క్‌షాపంతా తిప్పి చూపించాడు.

ఆ ఆదివారం మేబెల్ పోరు పడలేక దేవానందం గారు తల్లీకొడుకులను టీకి పిలిచారు. టీ కప్పులు వచ్చాయి. క్రైస్తవుల ఇంట్లో ప్రార్థన లేనిదే కప్పు ఎత్తరు కదా, అందరూ తలలు వంచారు. దేవానందం గారి ప్రార్థన ఆదాముతో మొదలై, కొత్త ప్రభుత్వం మీదుగా బియ్యం ధర దాకా వస్తుంది.

ఏసురత్నం తలైతే వంచాడు గానీ రెప్పలు మూయలేకపోయాడు. ఎంత బిగించినా సందు మిగిలింది. ఆ సందులోంచి మీగడ కడుతున్న టీ కనిపించింది. ఒక కన్ను తెరిచి తననే చూస్తూ నవ్వు ఆపుకుంటున్న మేబెల్ కనిపించింది. గబుక్కున తల ఎత్తితే ఎదురుగా దేవానందం గారు! నోరు దేశక్షేమం కోరుతోంది, కళ్ళు మాత్రం వీడు నిద్రపోయాడా లేదా అని వంగి చూస్తున్నాయి.

ప్రార్థన ఆగింది. “ప్రార్థనలో కళ్ళు తెరుస్తావేమయ్యా?”

“నావి మూతపడవండీ, ఆపరేషన్ అయింది కదా. మరి మీవి...”

మేబెల్ కిసుక్కున నవ్వింది. పెద్దాయన ముఖం ఎర్రబడింది. సంబంధం చెడిందనే అనుకున్నాడు ఏసురత్నం. చెడితే చెడింది, మనసులో మాట చెప్పేద్దామనుకున్నాడు.

“అయ్యగారూ, నేను మీ వాక్యంలో ఏనాడూ నిద్రపోలేదు. పోయిన జులైలో రజాకార్ల భయానికి చర్చికి పది మందే వచ్చారు. ఆ రోజు మీరు యేసుప్రభువు చూపునిచ్చిన గుడ్డి బర్తిమయి గురించి చెప్పారు. ఇందులో మూడు సంగతులున్నాయని మొదలుపెట్టి, రెండే చెప్పి ఆమెన్ అన్నారు. ఆ మూడోది ఏమిటా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నానండీ.”

దేవానందం గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఇరవై ఏళ్ళుగా వాక్యం చెబుతున్నారు. బాగుందన్నవాళ్ళున్నారు, పొడుగైందన్నవాళ్ళున్నారు. మిగిలిపోయిన సంగతి అడిగినవాడు ఒక్కడూ లేడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కళ్ళు కూడా తుడుచుకున్నారు.

“మూడోది...” అని చాలాసేపు వెతుక్కున్నారు. దొరకలేదు. “మూడోది మీ పెళ్ళిలో చెబుతానయ్యా” అన్నారు. చల్లారిన టీ అంత రుచిగా ఉంటుందని ఏసురత్నానికి ఆ రోజే తెలిసింది.

వేసవిలో పెళ్ళయింది. దేవానందం గారు ఆ మూడో సంగతిని గంటన్నర చెప్పారు. పెళ్ళిపనుల్లో మూడు రాత్రులు నిద్రలేని ఏసురత్నం, ముందు వరసలో నిటారుగా కూర్చుని, జన్మలో మొదటిసారి వాక్యం మధ్యలో హాయిగా నిద్రపోయాడు. రెప్పలు మాత్రం మూతపడలేదు.

“మా అల్లుడు రెప్ప వాల్చకుండా విన్నాడు” అని పెద్దాయన సంఘమంతా చెప్పుకున్నారు. ఆ మూడో సంగతి ఏమిటని ఏసురత్నం మళ్ళీ ఎన్నడూ అడగలేదు.