మా కనక ఇప్పుడేటి సేత్తంటాది

"అల్లుడూ, మా కనక ఇప్పుడేటి సేత్తంటాది?"

టై ముడితో కుస్తీ పడుతున్న రవికుమార్ చేతి గడియారం చూశాడు. నిద్ర లేచింది మొదలు గాసిది ఇదే ప్రశ్న. పరదేశంలో దిగి ఒక రాత్రి గడిచినా ఆ గడియారం ఇంకా అరకు టైమే చూపిస్తోంది. గాసి ముల్లు తిప్పనివ్వలేదు.

"తోటలో కలుపు తీత్తుంటాది మావా. ఈ వయసులో నీకీ విరహమేటి?"

గాసి నవ్వేసి, చొక్కా జేబులో కాగితం మడతను తడిమి చూసుకున్నాడు. మాత్ర ఉంది.

రెండువేల మూడు జూన్ నెల అది. అరకు కొండల కాఫీ రైతుల సంఘం తమ పంట చూపించడానికి ఆ ఉత్తర దేశపు కాఫీ సంతకు ఒక రైతును పంపుదామనుకుంది. చీటీలో గాసి పేరొచ్చింది. తోడుగా సంఘం గుమాస్తా రవికుమార్, గాసికి వరసకు అల్లుడు. కొండ మీద గాసిలాంటివాళ్ళు గంపెడు మంది. ఎకరం కాఫీ, నీడకు సిల్వర్ ఓక్ చెట్లు, చిరిగిన గొడుగు. ఎడమ అరచెయ్యి ఒక్కటే వేరు. గీతలన్నీ కాలిపోయి, నీళ్ళకు అరిగిన రాయిలా నున్నగా మెరుస్తుంది. పెళ్ళైన కొత్తలో మూర్ఛ వచ్చి పొయ్యిలో పడ్డాడు. గాలి సోకిందని ఊరు కోళ్ళు కోసింది. కనక మాత్రం అతన్ని వీపున వేసుకుని ఆసుపత్రికి మోసుకుపోయింది. దారిలో ఎలుగుబంటి ఎదురొస్తే, పక్కకు తప్పుకోమని కసిరిందట కూడా. ఎలుగు సంగతి ఎలా ఉన్నా మోయడం నిజం.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఒకటే కట్టుబాటు. సూర్యుడు గాలికొండ వెనక్కి దిగగానే కనక పొయ్యిలో కట్టెలు పేర్చి, అగ్గిపెట్టె మీద ఒక పుల్లను అడ్డంగా పెట్టి కూర్చుంటుంది. గాసి ఆసుపత్రివాళ్ళిచ్చిన మూర్ఛ మాత్ర మింగి, నోరు బార్లా తెరిచి చూపించాలి. ఆ తర్వాతే పుల్ల గీస్తుంది. మళ్ళీ గాసి ఎన్నడూ పడలేదు.

ఆ కట్టుబాటే విమానంలో కొంప ముంచబోయింది. పొద్దు దిగాక మింగుదామని గాసి మాత్రను గుప్పిట్లో పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. సూర్యుడేమో దిగడు, లేగదూడలా విమానం వెంటే వస్తున్నాడు. నేల మీద దిగారు, బస చేరారు, రొట్టె తిన్నారు. అయినా ఎండే; ఆ ఉత్తరాన జూన్‌లో రాత్రి పదింటికి గాని పొద్దు దిగదు. చెమటకు మాత్ర అంచు కరిగింది. ఎడమ బొటనవేలు దానంతటదే ఎగిరింది. వెంట్రుకలు కాలిన వాసన ముక్కుకు తగిలింది. పడబోయే ముందు వచ్చే వాసన అదే.

"అల్లుడూ, మా కనక ఇప్పుడేటి సేత్తంటాది?" అని మొదటిసారి అడిగింది అప్పుడే.

"అక్కడ అర్ధరాత్రి మావా. తొంగునుంటాది."

"తొంగోడమేటి! నాను మింగందే అది పొయ్యంటించదురా!"

గటుక్కున మింగాడు. వేలు ఎగరడం ఆగేదాకా రవికుమార్ ఆ చేతిని వదల్లేదు.

"ముందే సెప్పొచ్చు కదా మావా!"

"సెప్తే ఇమానం ఎక్కనిత్తురా?"

ఇక సంత సంగతి. పొడుగాటి బల్ల మీద గిన్నెలు వరసగా పెట్టారు. కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు చెంచాలతో కాఫీని జుర్రున పీల్చి, పక్కనున్న పాత్రలో ఉమ్మేస్తున్నారు. గాసి రవికుమార్ చెయ్యి పట్టి లాగాడు.

"ఉమ్మేత్తన్నారేటల్లుడూ! బాగోలేదా?"

"అది రుచి సూసే పద్ధతి మావా. బాగున్నా ఉమ్ముతారు."

"బాగుంటేనే ఉమ్మితే, బాగోపోతే ఏటి సేత్తారు? మనమీద ఉమ్ముతారా?"

మధ్యాహ్నం భోజనాలయ్యాక గాసి వంతు వచ్చింది. కోటు భుజాలు జారుతున్నా నిటారుగా నిలబడ్డాడు. ఎర్రబడ్డ పండునే ఎందుకు కోయాలో, పచ్చికాయ కోస్తే కనక ఎన్ని తిట్లు తిడుతుందో చెబుతున్నాడు. రవికుమార్ ఇంగ్లీషులోకి మారుస్తున్నాడు. ఉన్నట్టుండి గడియారం చూసి, అడక్కుండానే గొంతు తగ్గించి అన్నాడు:

"మావా, కనకత్త పొయ్యి కాడ కూకుంది."

గాసి మాట ఆపేశాడు. మడత విప్పి, మాత్ర నోట్లో వేసుకుని, బల్ల మీది గిన్నె ఎత్తి కాఫీతో మింగాడు. అలవాటు చొప్పున సభకంతా నోరు బార్లా తెరిచి చూపించాడు. కొండవాళ్ళు కాఫీని మెచ్చుకునే తీరు ఇదేనేమో అనుకున్నారు వాళ్ళు. ముందు వరసలోని నెరసిన గడ్డాలాయన ఉమ్మడం మాని మింగేసి, తనూ నోరు తెరిచాడు. వరసకు వరసే తెరిచిందని గాసి చెబుతాడు. రవికుమార్ కాదనడు.

"ఎలిగించింది," అన్నాడు గాసి తృప్తిగా.

ఇంటికొచ్చాక కనక చెప్పింది, మొదటిరోజు ఎన్ని పుల్లలు గీసినా అంటుకోలేదని. వానాకాలం పుల్లలు కదా అనేవాళ్ళు అననీ.

మూడేళ్ళ తర్వాత, ఒక శ్రావణంలో కనకకు జ్వరం తగిలింది. ఈసారి గాసి వీపున మోశాడు. దారిలో గెడ్డ, ఆ కొండవాగు, పొంగి పొర్లుతోంది. ఒడ్డు దాకానే మోయగలిగాడు.

కనక పోయిందన్న కబురు తెలిసి రవికుమార్ వచ్చేసరికి సూర్యుడు గాలికొండ వెనక్కి దిగిపోయాడు. గాసి చల్లారిన పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. నున్నటి అరచేతిలో మాత్ర ఉంది.

"అల్లుడూ, మా కనక ఇప్పుడేటి సేత్తంటాది?"

రవికుమార్ గడియారం వంక చూశాడు.

"పొయ్యి కాడ కూకుంది మావా. నీకోసం సూత్తంది."

గాసి మాత్ర మింగి, పొయ్యి వైపు తిరిగి నోరు తెరిచి చూపించాడు.

గట్టు మీద అగ్గిపెట్టె, దానిమీద అడ్డంగా, జ్వరంతోనే కనక తీసి పెట్టిన పుల్ల.